సమాధి రాయి మీద ‘లో’

ఇసొబెల్ ఒడి దులిపింది. రాతి పెచ్చులు గలగలమంటూ భోజనాల బల్ల మీద పడ్డాయి. రెండు మూడు ఎగిరి గిల్బర్ట్ పులుసు గిన్నెలో మునిగాయి.

“తినరా,” అంది తమ్ముడితో. “నాన్న సమాధి దగ్గర ఊడ్చుకొచ్చాను. చల్లారకముందే తిను.”

గిల్బర్ట్ చెంచాని నోటిదాకా తెచ్చి అక్కడే ఆపేశాడు. అతని భార్య గ్రిజెల్ గభాలున లేచి తన కొత్త పట్టు గౌను దులుపుకుంది. మామగారి సమాధికి ఏమైందని ఆవిడ అడగలేదు. గౌను మీద మరక పడలేదని తేలాకే ఊపిరి పీల్చుకుంది.

“భోజనాల దగ్గర ఏమిటిది వదినా!”

“నీ మొగుణ్ణి అడుగు.”

“గాలివానకి రాళ్లు పెచ్చులూడుతుంటాయి అక్కా,” అన్నాడు గిల్బర్ట్ గిన్నెలోకి చూస్తూ. “ఆదివారం నుంచీ ఒకటే ఈదురుగాలి కదా.”

“గాలికి చదువొచ్చా? అంత రాయినీ వదిలేసి ఒక్క అక్షరాన్ని ఏరి మరీ ఊడగొట్టిందా?”

గిల్బర్ట్ చొక్కా చేతి అంచున సన్నటి తెల్లపొడి ఇంకా ఉంది. ఉలి వేరేవాడు పట్టి ఉంటాడు గానీ, పక్కన నిలబడి సరిగ్గా ఏ అక్షరమో చూపించింది మాత్రం ఈ పెద్దమనిషే.

ముప్పై ఏళ్లుగా ఆ రాయి మీద ఉన్న మాటలు ఇసొబెల్‌కి కంఠతా వచ్చు. ‘బాల్నేరిలో విలియం డల్గార్నో, ఆయన భార్య బెస్సీ రాస్, ఇక్కడ విశ్రమిస్తున్నారు.’ ఈ పొద్దున వెళ్లి చూస్తే ‘బాల్నేరి విలియం డల్గార్నో’ అని ఉంది. మధ్యలో తెల్లటి గుంట, పన్ను పీకిన చిగురులా.

ఒక్క అక్షరమే. కానీ ఇక్కడ మనుషుల్ని తూచేది ఆ అక్షరంతోనే. బాల్నేరి విలియం అంటే ఊరు ఆయనది. బాల్నేరిలో విలియం అంటే, ఆ ఊళ్లో ఎవరి పొలమో కౌలుకి దున్నుకుంటున్నాడు, దొర పొమ్మన్ననాడు పిల్లల్నీ కోళ్లనీ బండికెత్తుకుని పోతాడు. వాళ్ల నాన్న చచ్చేదాకా ‘లో’గానే బతికాడు. అందుకు ఆయనెప్పుడూ సిగ్గుపడలేదు.

“కూర్చోండి వదినా,” అంది గ్రిజెల్ గొంతు తగ్గించి. “బాల్నేరితో మాట్లాడే పద్ధతి అది కాదు.”

“ఎవరితో?”

“బాల్నేరితో.”

ఇసొబెల్ తల తిప్పి గది నాలుగు మూలలా వెతికింది. “ఆయన ఎక్కడున్నారమ్మా? నాకు నా తమ్ముడు తప్ప ఎవరూ కనపడటం లేదే.”

రెండేళ్ల కిందట గిల్బర్ట్ ఈ పొలం కొన్న దగ్గర్నుంచీ గ్రిజెల్ కట్టుకున్న మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం మానేసింది. దొరల్ని ఊరి పేరుతో పిలుస్తారు కాబట్టి ఈవిడకీ మొగుడు ఊరైపోయాడు. ‘బాల్నేరికి దగ్గొచ్చింది, బాల్నేరి ఇంకా నిద్ర లేవలేదు’ అంటుంది. చూడబోతే బాల్నేరి అంతా కలిపి మూడు వంతులు బురద, ఒక వంతు రాళ్లు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

“వాడికి ముక్కు తుడిచి పెంచాను నేను,” అంది ఇసొబెల్. “నా దగ్గర వాడు గిల్బర్టే. ఒరే, తలెత్తు. ఆ రాయిని ఎందుకు చెక్కించావు?”

“నీకు తెలుసు.”

“నీ నోటితో చెప్పు.”

గిల్బర్ట్ గిన్నెని పక్కకి తోశాడు. “స్వీడన్‌లో ఉన్న మన తమ్ముడు పాట్రిక్ కోసం. వాడి కొడుకు కార్ల్ కోసం. వంశపత్రం మీద ‘బాల్నేరి విలియం’ అని రాసి, రాయి మీద ఇంకోలా ఉంటే రేపు ఏ ముదనష్టపువాడో చూసి స్వీడన్‌కి ఉత్తరం రాస్తాడు. అందుకు. చాలా?”

“చాల్లేదు. పత్రంలో అమ్మ గురించి ఏం రాశారు?”

ఈసారి మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“అమ్మ పేరు ముట్టుకోలేదు,” అన్నాడు గిల్బర్ట్.

“నిజమే వదినా,” అంది గ్రిజెల్ గబగబా. “బెస్సీ అంటే ఎలిజబెత్తే కదా. రాస్ అన్నది ఆవిడ ఇంటిపేరే కదా. ఎలిజబెత్ రాస్ అని రాశాం. ఉత్తరాన రాస్ దొరలున్నారు, వాళ్లలో ఒకాయన కూతురని రాయించాం. ఉన్నమాటకి కాస్త మర్యాద చేర్చాం, అంతే.”

“ఆ పేరు దొరలకీ ఉంది, వాళ్ల పందులు కాసేవాడికీ ఉంది. మా తాత రెండోవాడు.”

ఇక్కడ పెళ్లయినా ఆడది పుట్టింటి పేరు విడిచిపెట్టదు. బెస్సీ రాస్ రాస్‌గానే ఈ ఇంటికొచ్చింది, రాస్‌గానే పోయింది, రాయి మీద కూడా అలాగే ఉంది. ఆడదానికి మిగిల్చిన ఆ కాస్త మర్యాదా ఇప్పుడు ఈ దొంగలకి పెరటి తలుపు అయింది. ఆవిడ పేరు చెక్కెయ్యక్కర్లేదు. ఆ పేరులో ఇంకొకత్తెని కూర్చోబెడితే చాలు.

“బీరు కాచేదని రాశారా?” అని అడిగింది ఇసొబెల్.

“అక్కా!”

“రేవు దాటేవాళ్లకి, చేపలవాళ్లకి, ఈ ఊళ్లో సగంమందికి ముప్పై ఏళ్లు బీరు కాచి పోసింది. రాశారా?”

“పాట్రిక్ ఉత్తరంలో స్పష్టంగా రాశాడు. ‘అమ్మ సంగతి మర్యాదగా రాయించండి, ఆ బీరు వాసన రాకుండా చూడండి’ అని.”

ఇసొబెల్‌ బల్ల అంచు పట్టుకుంది. పాట్రిక్‌ని చంకనేసుకుని తిప్పింది తను. వాడు స్వీడన్ రాజు సైన్యంలో చేరతానని గంతులేసినప్పుడు వాడికి పదిహేడేళ్లు, కాళ్లకి చెప్పుల్లేవు. ఆ చలిదేశానికి ఉత్త కాళ్లతో ఎలా పోతాడని అమ్మ తన బీరు కాచే రాగి కాగు అమ్మేసింది. ఇంటికి అన్నం పెట్టే కాగు. దాన్ని అమ్మి బూట్లు కొంది. ఆ తరవాత రెండేళ్లు పక్కింటి మట్టికుండ అరువడిగి కాచింది. ఇవాళ ఆ బూట్ల కాళ్లవాడికి వాసనేసింది.

“ఛీ,” అంది.

గిల్బర్ట్ లేచి దగ్గరికొచ్చాడు. గొంతు మారింది. “అమ్మంటే నాకు ప్రేమ లేదనుకుంటున్నావా? కానీ అమ్మ పోయింది అక్కా. ఏం రాసినా ఆవిడకి నొప్పి తెలీదు. కార్ల్ బతికున్నాడు. పాట్రిక్ మంచం పట్టాడు. ఈ చలికాలం దొరల వంశమని పత్రం చూపించి అక్కడి ప్రభువుల సభ పుస్తకంలో వాడి పేరు ఎక్కించకపోతే, వాడు పోయిన మర్నాడే రాజు ఇచ్చిన భూమి రాజుకే పోతుంది. కార్ల్ చేతిలో దళం కూడా ఎవరో ప్రభువు కొడుక్కి పోతుంది. ఎల్లుండి వెళ్లేదే చివరి ఓడ. ఆ తరవాత అక్కడ సముద్రం గడ్డకట్టేస్తుంది. రేపు పదింటికి కచేరీలో ముద్ర పడాలి. ముగ్గురు సాక్షులు కావాలి. ఇద్దరు సిద్ధంగా ఉన్నారు.”

“మూడోది నేనా?”

“అమ్మని ఎరిగున్నంత వయసు ఈ చుట్టుపక్కల ఇంకెవరికుంది?”

“బైబిల్ మీద చెయ్యేసి మా అమ్మ మా అమ్మ కాదని చెప్పాలి.”

“‘అవును’ అంటే చాలు. ఒక్క మాట. పత్రం అంతా లాటిన్‌లో చదువుతారు. నీకు వినపడేవి పేర్లే.”

“దేవుడికి లాటిన్ రాదనుకున్నావా?”

తలుపు తోసుకుని కార్ల్ లోపలికి రావడంతో గిల్బర్ట్‌కి జవాబు చెప్పే పని తప్పింది.

*

పాతికేళ్లవాడు, ఆరడుగుల పొడుగు. టోపీ నుంచి వాననీళ్లు కారుతున్నాయి. బూట్లకి మోకాళ్లదాకా బాల్నేరి బురద. పొద్దున్నే లేచి తాత నడిచిన దారులన్నీ నడిచొచ్చాడు. వచ్చి నెల్లాళ్లయింది. ఇప్పటికీ గొర్రెలదొడ్డి చూసినా, పాడుబడ్డ గోడ చూసినా చర్చిలోకి వెళ్లినట్టు టోపీ తీస్తాడు.

“అందరూ నిలబడ్డారు. ఎందుకు?” అన్నాడు నవ్వుతూ. తండ్రి దగ్గర నేర్చుకున్న భాష, అందులోనూ తండ్రి సగం మరిచిపోయాక నేర్చుకున్నది. మాట మాటకీ మధ్య ఓ మెట్టు దిగినట్టు ఆగుతాడు.

అతను బల్ల మీద పెచ్చుల్ని చూశాడు. ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. దాని మీద ఉలి గాటు, ఆ పక్కన వంపు తిరిగిన పాత గీత.

“ఇది ఏమిటి?”

గ్రిజెల్ మొగుడి వైపు చూసింది. గిల్బర్ట్ గొంతు సవరించుకున్నాడు. “గోడ బాబూ. పాత గోడ పెచ్చులూడింది.”

“తాతగారి ఇంటి గోడ?”

“ఆఁ. తాతగారిదే.”

కార్ల్ ఆ పెచ్చుని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. “నాన్నకి ఇస్తాను. మంచం మీద చేతిలో పట్టుకుంటాడు.”

ఇసొబెల్ మొహం పొయ్యి వైపు తిప్పుకుంది. గిల్బర్ట్, గ్రిజెల్ ఏదో పని గుర్తొచ్చినట్టు లోపలికి జారుకున్నారు. వెళ్తూ వెళ్తూ గిల్బర్ట్ అక్క చెవి దగ్గర గొణిగాడు. “వాడి మొహం చూడు. చూసి నిర్ణయించుకో.”

చూడమన్నవాడు తెలివైనవాడే. ఆ కుర్రాడి మొహంలో అమ్మ కనుబొమలున్నాయి.

కార్ల్ తడికోటు పొయ్యి దగ్గర ఆరేసి, ఒక తోలుగొట్టంలోంచి బొమ్మల కాగితం తీసి పరిచాడు. మధ్యలో ఒక చెట్టు, కొమ్మలకి పళ్లలా గుండ్రాలు. కింద గుండ్రంలో పాట్రిక్ పేరు. పైవన్నీ ఖాళీ.

“ఇక్కడ తాతగారి వంశచిహ్నం. ఇక్కడ నానమ్మది. రంగులు వేయించాలి. నానమ్మ వాళ్ల చిహ్నం ఏమిటి అత్తా? సింహమా?”

“ఏమో నాయనా. మా ఇంట్లో ఆడవాళ్లకి బొమ్మలుండేవి కావు.”

“నానమ్మ చేతులు ఎలా ఉండేవి?”

ఇసొబెల్ ఉలిక్కిపడింది. “చేతులేమిట్రా?”

“నాన్న చెప్పడు. అడిగితే కిటికీ వైపు తిరుగుతాడు. ఒక్కసారి జ్వరంలో, ‘అమ్మ చేతులు’ అన్నాడు. అంతే.”

పెద్ద చేతులు. వేడినీళ్లలో నాని నాని ఎర్రగా ఉబ్బిపోయి, వేళ్ల కణుపుల దగ్గర పగుళ్లు. నాలుగు కడవలు ఒక్కసారే ఎత్తేవి. నిద్రపోతున్న పిల్లల మొహాల మీద ఆ చేతులు పెడితే పులిసిన బార్లీ వాసన. ఇదంతా ఇసొబెల్ నాలుక చివరిదాకా వచ్చింది.

“మంచి చేతులు,” అంది చివరికి.

కార్ల్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. “మా ఇంట్లో తాతగారి బూట్లు ఉన్నాయి. తెలుసా? పెట్టెలో. నాన్న ఎవరినీ ముట్టుకోనివ్వడు. తాతగారు గుర్రం మీద పొలం చూడడానికి వెళ్లే బూట్లు. నాన్నకి ఇచ్చి, ఇవి వేసుకుని మన పేరు నిలబెట్టు, అన్నారు.”

“ఎవరు చెప్పారు?”

“నాన్న.”

పొయ్యిలో కట్టె ఒకటి విరిగి పడింది. ఇసొబెల్ దాన్ని సరిచేస్తూ చాలాసేపు వంగే ఉంది. వాళ్ల నాన్నకి గుర్రమే లేదు. ఎద్దు ఒకటుండేది, అదీ ఒంటికన్నుది. పాట్రిక్ ఎన్ని అబద్ధాలు అల్లాడో లెక్క తేలడం లేదు. బూట్లని పారెయ్యలేకపోయాడు, నిజం చెప్పుకోలేకపోయాడు. అందుకని అమ్మ చేతిలోంచి లాక్కుని నాన్న కాళ్లకి తొడిగాడు.

“మీ నాన్న ముప్పై ఏళ్ల కిందట ఒకసారి ఇక్కడికొచ్చాడు,” అంది. “డప్పులు కొట్టించుకుంటూ. నలభై మంది కుర్రాళ్లని సైన్యానికి తోలుకెళ్లాడు. అది చెప్పాడా?”

“అవును! మొదటి దళం. గొప్పగా చెప్తాడు.”

“ఎంతమంది తిరిగొచ్చారో చెప్పాడా?”

కార్ల్ జవాబు చెప్పబోయాడు. మాట దొరకలేదు. దొరకనప్పుడల్లా చేసేదే చేశాడు, లాటిన్‌లోకి పోయాడు. ఏదో పొడుగాటి వాక్యం చెప్పి, అత్త మొహం చూసి సిగ్గుపడ్డాడు.

“క్షమించండి. మీ భాష కన్నా అది నాకు బాగా వచ్చు. పాదిరి నేర్పాడు. బెత్తంతో.”

“ముగ్గురు,” అంది ఇసొబెల్. “ఆ ముగ్గురికీ కలిపి నాలుగు కాళ్లు.”

అతను తల వంచుకున్నాడు. కాగితం మీద ఖాళీ గుండ్రాల్ని వేలితో తడిమాడు. “అందుకే నాకు ఈ పత్రం కావాలి అత్తా. నా దళంలో డెబ్భై మంది ఉన్నారు. నేను వాళ్లని అలా చెయ్యను. వేరేవాడు వస్తే చేస్తాడు.”

ఇంత చేసీ పాట్రిక్‌కి ఇలాంటి కొడుకు ఎలా పుట్టాడో అనుకుంది ఇసొబెల్. సాయంత్రం వంటింట్లో గిల్బర్ట్‌ని నిలేసింది.

“వస్తాను. నీ కోసం కాదు, పాట్రిక్ కోసం అసలే కాదు. ‘అవును’ అంటాను. దానికి మించి ఒక్క అబద్ధం నా నోట్లోంచి రాదు.”

“మించి అక్కర్లేదు అక్కా.” గిల్బర్ట్ కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి నిజం నీళ్లే. అదే ఆమెకి ఇంకా రోత పుట్టించింది.

“లాటిన్‌లో ఏం రాశారో కార్ల్‌కి తెలుస్తుందా?” అని అడిగింది గ్రిజెల్ మొగుణ్ణి, ఇసొబెల్ వెళ్లిపోయాక.

“పదిహేనేళ్లకే సైన్యంలో చేరినవాడు. కత్తి తిప్పడం తప్ప వాడికేం తెలుసు,” అన్నాడు గిల్బర్ట్.

*

కచేరీ కింది అంతస్తు ఖైదీల కొట్టు. మెట్లెక్కుతుంటే ఆ కంపు పై గదిదాకా వెంట వచ్చింది. పైన పురపెద్ద, ఇద్దరు సభ్యులు, లేఖరి. బల్ల మీద చర్మపు కాగితం, పట్నం ముద్ర, చిన్న కుంపటి మీద లక్క గిన్నె. ఎర్రలక్క అప్పుడే కరుగుతోంది.

అందరూ తెలిసినవాళ్లే. పురపెద్ద తండ్రి అమ్మ దగ్గర అరువు మీద తాగేవాడు. సభ్యుల్లో ఒకాయనకి చిన్నప్పుడు దొంగతనంగా కడవలో గిన్నె ముంచినందుకు అమ్మ చెవి మెలేసింది. ఇవాళ వాళ్లంతా ఇసొబెల్‌ని చూసీ చూడనట్టు కిటికీలూ కప్పూ చూస్తున్నారు. ఎవరూ ‘బాగున్నావా’ అనలేదు. ఆమెకి అది వింతగా అనిపించింది గానీ, తప్పు చేసేవాళ్లకి సిగ్గుండటం మంచిదేలే అనుకుంది.

మొదటి సాక్షి ఆండ్రూ పిరీ. ఎనభై ఏళ్లు, ఒంటి మీద కొత్త కోటు. ఆ కోటు ఎవరు కుట్టించారో అడగక్కర్లేదు. బైబిల్ మీద చెయ్యి పెట్టి, ‘అవును’ అన్నాడు. అమ్మ బీరు తాగి తాగి ఎర్రబడ్డ ముక్కు ఆయనది. ఇసొబెల్ పక్కనుంచి పోతూ కళ్లు దించుకున్నాడు. రెండో ముసలాయన ‘అవును’ రెండుసార్లు అన్నాడు, మొదటిది వినపడలేదేమోనని.

“మూడో సాక్షి,” అన్నాడు లేఖరి.

ఇసొబెల్ ముందుకొచ్చి బైబిల్ మీద చెయ్యి పెట్టింది. అట్ట చల్లగా ఉంది. లేఖరి లాటిన్‌లో చదవడం మొదలుపెట్టాడు. చర్చిగంట దూరంనుంచి మోగినట్టు ఏదో రొద. అందులో అక్కడక్కడా పేర్లు తేలాయి. విలియం. ఎలిజబెత్. పాట్రిక్. గిల్బర్ట్. ఆ తరవాత ‘ఇసొబెల్లా రాస్’ అన్నాడు, దాని వెనకే ‘ఆన్సిల్లా’ అని ఇంకో మాట.

రాస్ ఏమిటి? తను డల్గార్నో కదా. పొరపాటున అమ్మ ఇంటిపేరు తగిలించారనుకుంది.

“ఆగండి!”

అరిచింది కార్ల్. కుర్చీ వెనక్కి పడింది.

“ఆన్సిల్లా? పనిమనిషి? ఎవరు పనిమనిషి?”

గిల్బర్ట్ మొహంలో నెత్తురు లేదు.

“మళ్లీ చదవండి,” అన్నాడు కార్ల్. లేఖరి చదవలేదు. కార్ల్ రెండంగల్లో వచ్చి కాగితం మీదికి వంగి తనే చదివాడు, ఒక్కో మాటా ఇసొబెల్‌కి అర్థమయ్యేలా తిప్పి చెప్తూ. “‘ఇసొబెల్ రాస్. ఈ ఇంటిలో... చాలా కాలంగా... పనిమనిషి. రక్తం... రక్తసంబంధం లేనిది. అందువల్ల ఆమె సాక్ష్యం చెల్లుతుంది.’ ఇది ఎవరు? ఈమె నా అత్త.”

కింద ఖైదీ ఎవడో దగ్గుతున్నాడు.

అప్పుడు తెలిసింది ఇసొబెల్‌కి, వాళ్లంతా కిటికీల వైపు ఎందుకు చూశారో. చుట్టం సాక్ష్యం చెల్లదు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు, ఆమెకి తప్ప. నాన్న ‘లో’ పోయింది. అమ్మ చేతులు పోయాయి. ఇక మిగిలింది తను. తనని కూడా తన తమ్ముడే, తన చేత్తో ముక్కు తుడిపించుకున్నవాడే, అంట్లగిన్నెల దగ్గర కూర్చోబెట్టాడు.

గిల్బర్ట్ నవ్వాడు. ఎలా నవ్వగలిగాడో దేవుడికే తెలియాలి.

“కుర్రాడు ముద్దుగా అత్తా అంటాడండీ. ఇంట్లో పాతమనిషి కదా, అలవాటైపోయింది. వాడికి మన పద్ధతులు తెలీవు.”

గదిలో అందరి భుజాలూ ఒక్కసారి దిగాయి. పురపెద్ద కూడా చిరునవ్వు తెచ్చుకున్నాడు. “అంతేనా అమ్మా?” అని అడిగాడు ఆమెని. చిన్నప్పట్నుంచీ ఎరిగినవాడు, ఎరగనట్టే అడిగాడు. “అవునంటే చాలు. పని అయిపోతుంది.”

ఒక్క మాట. చెప్తానని ఒప్పుకున్న మాటే. కార్ల్ ఆమె మొహంలోకే చూస్తున్నాడు, అమ్మ కనుబొమలు ముడిపెట్టుకుని.

“రాసుకో లేఖరీ,” అంది ఇసొబెల్. “నా పేరు ఇసొబెల్ డల్గార్నో. విలియం కూతుర్ని. ఈ నవ్వుతున్నవాడి అక్కని. మా అమ్మ బెస్సీ రాస్, బీరు కాచి అమ్మేది. ఈ గదిలో ఆవిడ బీరు తాగనివాడు ఎవడైనా ఉంటే చెయ్యెత్తమను.”

ఎవరూ ఎత్తలేదు.

“కార్ల్. మీ నాన్న పెట్టెలో ఉన్నవి తాతగారి బూట్లు కావురా. తాతకి గుర్రం లేదు. మీ నానమ్మ బీరు కాచే రాగి కాగు అమ్మి కొన్నవి. నీ జేబులో ఉన్న రాయి కూడా గోడది కాదు. సమాధి రాయిది. నిన్న దాని మీంచి ఒక అక్షరం చెక్కేశారు. మేం బాల్నేరి వాళ్లం కాము నాయనా. బాల్నేరిలో వాళ్లం. ‘లో’ మరిచిపోకు.”

కార్ల్ జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. ఆ పెచ్చు మీది పాత గీతని బొటనవేలితో తడిమాడు. అతని పెదవులు కదిలాయి, ఏ భాషలోనూ మాట రాలేదు.

పురపెద్ద లేఖరి వైపు వంగి ఏదో గుసగుసలాడాడు. తరవాత తల ఎత్తాడు. గొంతు తేనెలా ఉంది.

“మేమేమీ వినలేదు కెప్టెన్ గారూ. పెద్దావిడ, మతి తప్పింది. కాగితం మీద రాసింది రాసినట్టే ఉంది. మీరు సరేనంటే ముద్ర వేస్తాం.”

చెవిలో పడ్డ నిజాన్ని అంత తేలిగ్గా తుడిచేసుకునేవాళ్లని ఇసొబెల్ తన అరవై రెండేళ్లలో చూడలేదు.

లేఖరి లక్క గిన్నె ఎత్తాడు. కార్ల్ చెయ్యి చాపి ఆ రాతి పెచ్చుని కాగితం మీద పెట్టాడు, సరిగ్గా ముద్ర పడాల్సిన చోట.

“తియ్యి నాయనా,” అన్నాడు గిల్బర్ట్. “ఓడ రేపే. మీ నాన్న ఎదురుచూస్తున్నాడు. నీ డెబ్భై మందీ ఎదురుచూస్తున్నారు. తియ్యి.”

కార్ల్ తియ్యలేదు. పక్కకీ జరపలేదు. ఇసొబెల్ వైపు తిరిగాడు. కళ్లు నిండి ఉన్నాయి.

“మీరు చెప్పండి అత్తా,” అన్నాడు. “తియ్యనా?”

గిన్నెలో లక్క అంచుల దగ్గర బిగుసుకుంటోంది. ఇసొబెల్ జవాబు కోసం నోరు తెరిచింది. అప్పుడు గమనించింది, తన చెయ్యి ఇంకా బైబిల్ మీదే ఉంది.